ముఖం బాగుంటే నడుము బాగున్నట్టేనా?

ప్రశ్న: మేడమ్, నాకు 44 ఏళ్లు. తణుకులో ఉంటాం. ఐదేళ్లుగా నడుము నొప్పి. ఎమ్మారై తీసి, ఆపరేషన్ చేయాల్సినదేమీ లేదన్నారు. మందులు వాడుతున్నా, బెల్టు కట్టుకుంటున్నా. కింద కూర్చోలేక పేరంటాలు మానేశాను. పోయిన శ్రావణంలో తెగించి ఒకరింటికి వెళ్తే, మా తోడికోడలు అందరి ముందూ ‘అక్కకి పనున్నప్పుడే నడుము పట్టేస్తుంది’ అంది. అందరూ నవ్వారు. ఇప్పుడు పిలిచేవాళ్లూ లేరు. మావారు మంచివారే, మంచినీళ్లు కూడా నన్ను ముంచుకోనివ్వరు. అయినా నొప్పి తగ్గట్లేదు. వచ్చే నెల భీమవరంలో మా అన్నయ్య కూతురి పెళ్లి. వెళ్తే నొప్పి, మానితే మాట. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: వెళ్లండి. అయితే స్నాతకం నుంచి అప్పగింతల దాకా అన్నిటికీ ఉండక్కర్లేదు. ఏ రెండు గంటలు మీకు ముఖ్యమో మీరే తేల్చుకోండి.

నేను 28 ఏళ్లు ఫిజియోథెరపిస్టుగా పనిచేశాను. తొమ్మిదేళ్లుగా నాకూ నడుము నొప్పి. ‘ఊరందరి నడుములూ సరిచేసేదానివి, నీది సరిచేసుకోలేవా’ అనే జోకు ఎంతమంది వేశారో లెక్కలేదు. మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత ఆ జోకు వేసేవాళ్లు ఎదురైతే సందు మారేదాన్ని. అలా శనివారం భజన పోయింది, సాయంత్రం బెంచీ మీది కబుర్లు పోయాయి. ఎనిమిది నెలలు ఇల్లు కదల్లేదు. నొప్పి మాత్రం ఇంకాస్త పెరిగింది. పగలంతా దాన్నే తలుచుకుంటూ కూర్చుంటే పెరగదూ మరి!

1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెన్నుపాములో నొప్పికి ఒక గేటు లాంటిది ఉందన్నారు. మెదడు నుంచి వచ్చే కబురును బట్టి అది తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఆ తర్వాత వాళ్ల సిద్ధాంతంలో మార్పులు చాలా వచ్చాయి గానీ, నొప్పి మీద మెదడు పెత్తనం ఉంటుందన్న మాట నిలబడింది. టెన్షన్, నిద్ర లేకపోవడం, నలుగురిలో అవమానం ఆ గేటును బార్లా తెరుస్తాయి. ఇష్టమైనవాళ్లతో కబుర్లలో పడితే కాసేపు ఓరగా వేసుకుంటుంది. కాబట్టి మీ తోడికోడలి మాట నడుముకే తగిలిందంటే నేను నమ్ముతాను. స్కానింగులో పెద్దగా ఏమీ కనబడకపోతే నొప్పి అబద్ధమైపోదు. మూడు నెలలు దాటిన నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లో ఉన్న తన జబ్బుల జాబితాలో విడిగా చోటిచ్చింది. 2020లో నడుము నొప్పి ఉన్నవాళ్లు ప్రపంచం మొత్తం మీద సుమారు 61.9 కోట్ల మందని అంచనా. ఆ కల్యాణ మండపంలో మీలాంటివాళ్లు మరికొందరు ఉండే ఉంటారు, పైకి చెప్పరంతే.

ఇక మీవారు. ఇలాంటి భర్తను ఊరంతా మెచ్చుకుంటుంది, నేను మాత్రం కొంచెమే మెచ్చుకుంటాను. చేతిలో పని లాగేసుకుంటే ఒంట్లో బలం తగ్గుతుంది, ఇద్దరి మధ్యా నొప్పి తప్ప వేరే మాట ఉండదు. ‘నీళ్లు నేను ముంచుకుంటాను, మీరు సాయంత్రం నాతో పది నిమిషాలు నడవండి’ అనండి. బెల్టు సంగతి కూడా మీ డాక్టర్ని ఒకసారి అడగండి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో దీర్ఘకాలిక నడుము నొప్పికి వ్యాయామం చేయించమన్నారు, బెల్టులు మామూలు చికిత్సగా వద్దన్నారు. కాలు బలహీనపడినా, మూత్రం మీద అదుపు తప్పినా ఈ సలహాలన్నీ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

తోడికోడలితో పెళ్లికి ముందే, పక్కన ఎవరూ లేనప్పుడు మాట్లాడండి. ఉత్తినే ‘నొప్పి’ అంటే ఎవరికీ ఎక్కదు. సలుపు, పోటు, పీకుడు, మంట... మనకు ఎన్ని మాటల్లేవు! ‘పీట మీద పది నిమిషాలు కూర్చుంటే నడుము కొయ్యబారిపోతుంది, లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యివ్వాలి’ అని చెప్పి చూడండి. అప్పటికీ నవ్విందా, మండపంలో ఆవిడ పక్కన కూర్చోకండి. అందరినీ ఒప్పించే ఓపిక మనకెక్కడిది?

నన్ను మళ్లీ భజనకు తీసుకెళ్లింది నా స్నేహితురాలు. బతిమాలలేదు, జాలిపడలేదు. ఒక శనివారం వచ్చి, ‘గోడవారగా కుర్చీ వేయించాను, వీపు వెనక శాలువా మడిచి పెట్టాను, ఒక్క కీర్తనకి రా’ అంది. నిజంగా ఒక్క కీర్తనకే వెళ్లి వచ్చేశాను. మూడో వారానికి హారతి దాకా కూర్చున్నాను. మీక్కూడా అలాంటి మనిషి ఒకరుంటే చాలు. ఎవరో ఆలోచించి, మీరే ముందు ఫోన్ చేయండి.

పెళ్లి ముందురోజు నడుము బాగుంది కదా అని అరిసెల పిండి దగ్గరికి మాత్రం వెళ్లకండి. బాగున్న రోజున రెండు రోజుల పని చేసి, మర్నాడు మంచమెక్కడం మనందరికీ అలవాటే. భీమవరం బస్సు దిగాక అరగంట నడుము వాల్చడానికి ఒక గది అడిగి పెట్టుకోండి.

ఇంకొకటి. ఈవేళే మీ వదినగారికి ఫోన్ చేసి, చదివింపులు రాసే పని మీకిమ్మనండి. కుర్చీ ఉంటుంది, టేబులు ఉంటుంది, వచ్చిన ప్రతి చుట్టమూ మీ దగ్గరికే వచ్చి పేరు చెప్పి పలకరిస్తాడు. అరగంటకోసారి పుస్తకం ఎవరికైనా ఇచ్చి, లేచి నాలుగడుగులు వేయండి. పెన్నులు రెండు పట్టుకెళ్లండి, చదివింపుల దగ్గర పెన్ను నిలవదు.