వీధికుక్కలు, చికెన్ షాపు చెత్త: మున్సిపాలిటీకి అర్జీ ఎలా పెడితే పని జరుగుతుంది?

కాలనీ చివర రెండు చికెన్ షాపులు, పక్కన ఖాళీ స్థలం, రాత్రయితే కుక్కల గుంపు. "కుక్కల్ని తీసుకెళ్లండి" అని ఎన్ని అర్జీలు పెట్టినా కదలిక లేదని ఒకరు రాశారు. వాళ్లకు నా జవాబు ఇది. మా కాలనీ సంఘంలో ఈ అర్జీల పని చూస్తుంటాను. మీరు అడిగిన పని చేసే అధికారం మున్సిపాలిటీకి లేదు, ముందు అక్కడే ఆగిపోతోంది.

2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనల ప్రకారం వీధికుక్కను పడితే కు.ని. ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. రేబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచే స్వభావం ఉన్నవాటిని మాత్రం మళ్లీ వదలొద్దంది. ఆ నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కల్ని షెల్టర్లకు తరలించాలని వేరే ఆదేశం ఇచ్చింది. మీది మామూలు వీధి. కాబట్టి "తరలించండి" అన్న మాట అర్జీలోంచి తీసేయండి. "ఈ వీధిలోని కుక్కలన్నింటికీ ఆపరేషన్, టీకా చేయించండి" అని రాయండి. కరిచే కుక్క ఏదైనా ఉంటే దాని ఫొటో, గుర్తులు, కాటుకు వైద్యం చేయించుకున్న చీటీ జతచేసి విడిగా రాయండి.

రెండోది, చెత్త గోడు, కుక్కల గోడు ఒకే కాగితం మీద రాయొద్దు. కుక్కల పని వెటర్నరీ విభాగానిది, చెత్త పని శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ది. కలిపి రాస్తే ఆ కాగితం రెండు బల్లల మధ్య తిరుగుతూనే ఉంటుంది. హైదరాబాద్‌లో అయితే ఫిర్యాదుల నంబరు 040-21111111కు చెప్పినా రెండు ఫిర్యాదులుగా నమోదు చేయించండి. ఆంధ్రలో మున్సిపల్ ఫిర్యాదులకు పురమిత్ర యాప్ ఉంది, వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీ ఉంటారు. రెండు రాష్ట్రాల్లోనూ సోమవారం అర్జీల రోజు. ఎక్కడ ఇచ్చినా రసీదు నంబరు తీసుకోండి.

కుక్కల అర్జీకి బలం లెక్కే. తెల్లవారుజామున, జనం తిరగకముందే, వరసగా రెండు రోజులు లెక్కపెట్టండి. కరెంటు స్తంభం నంబరు ఆధారంగా ఏ గుంపు ఎక్కడ ఉంటుందో, అందులో ఆడవెన్ని, మగవెన్ని, పిల్లలెన్ని, చెవి కొస కత్తిరించినవి (అంటే ఆపరేషన్ అయినవి) ఎన్నో రాయండి. ఆరు నెలల లోపు పిల్లల్ని ఆపరేషన్‌కు పట్టరు, పాలిచ్చే తల్లిని పిల్లలు కాస్త పెరిగేదాకా వదిలేయాలి. అందుకే వాటిని విడిగా రాసిస్తే కుక్కల్ని పట్టే బండి రెండో విడత ఎప్పుడు రావాలో అప్పుడే అడగొచ్చు.

బండి వచ్చిన రోజే అసలు పని చెడుతుంది. మనుషులకు అలవాటైన కుక్కలు చేతికి చిక్కుతాయి, బెదురు ఆడకుక్కలు గోడ దూకి పోతాయి. ఆ మిగిలిన రెండు మూడే, రెండు నెలలు గర్భం మోసి ఈని, మళ్లీ వీధిని నింపుతాయి. రోజూ అన్నం పెట్టేవాళ్లను ఆ ఉదయం బండి దగ్గర నిలబెట్టండి, బండి రాకముందు మాత్రం తిండి పెట్టొద్దని చెప్పండి. కడుపు నిండిన కుక్క పిలిస్తే రాదు. వదిలే రోజు కూడా ఒకరు ఉండి, పట్టిన స్తంభం దగ్గరే దింపారో లేదో చూడాలి. వేరే వీధిలో దింపితే అక్కడి గుంపు తరుముతుంది, బెదిరిన కుక్క కరుస్తుంది.

ఇక షాపులు. కోడి బరువులో దాదాపు మూడో వంతు ఈకలు, పేగులు, తల, కాళ్లుగా పోతుంది. ఆదివారం ఎంత పోగవుతుందో ఆలోచించండి. షాపువాళ్లనే తిట్టడం నాకు న్యాయంగా అనిపించదు. షాపు రాత్రి మూస్తారు, వ్యర్థాల బండి పొద్దున వస్తుంది, ఆ మధ్య గంటల్లో గోనెసంచి బయటే ఉంటుంది. కుక్కలు దాన్నే చీలుస్తాయి. మూత బిగుసుకునే డ్రమ్ము కొని, బండి వచ్చేదాకా షట్టర్ లోపలే ఉంచమని ముందు మీరే అడిగి చూడండి. సగం షాపులు ఒప్పుకుంటాయి. ఒప్పుకోకపోతే రాత్రి పారబోసే చోటు, షాపు బోర్డు ఒకే ఫ్రేములో పడేలా, తేదీ, సమయం కనిపించేలా ఫొటోలు తీసి శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వండి. ట్రేడ్ లైసెన్సు ఉందా, వ్యర్థాలు ఎవరు ఎత్తుతున్నారు అని సమాచార హక్కు కింద అడగండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు, జవాబు రాకుంటే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు. ఎత్తేవాళ్ల పేరు తప్పకుండా అడగాలి. ఈ వ్యర్థాలు దొంగచాటుగా చేపల చెరువులకు మేతగా తరలిపోవడం మన దగ్గర పాత బెడదే.

ఒక జాగ్రత్త: విసిగిపోయి ఎవరైనా విషం పెడితే అది బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 325 కింద నేరం, అయిదేళ్ల దాకా జైలు. పైగా ఖాళీ అయిన చోటికి ఆపరేషన్ కాని, టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి. ఈలోగా ఎవరినైనా కరిస్తే పసుపు, కారం పెట్టకుండా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లి టీకా మొదలుపెట్టించండి. చర్మం తెగి రక్తం వస్తే ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు కాపాడే మందు) ఉందా అని అడగండి, చిన్న ఆసుపత్రుల్లో ఒక్కోసారి ఉండదు.