ఫిట్స్ వచ్చాయని కారు ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలా?

నల్గొండ నుంచి రోజూ మిర్యాలగూడకు కారు నడిపే మా బావకు ఈమధ్య ఫిట్స్ వచ్చాయి, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాలా అని అడిగారు కదా, చెప్పాలి. కానీ అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది లైసెన్స్ సంగతి. లైసెన్స్‌కు ఇచ్చే ఫారం 1లోనే మూర్ఛ, ఉన్నట్టుండి స్పృహ తప్పడం ఉన్నాయా అని అడుగుతారు, పైగా 1988 మోటారు వాహనాల చట్టం 16వ సెక్షన్ ప్రకారం జబ్బు వల్ల నడపడానికి పనికిరారని అనిపిస్తే ఆర్టీఏ వాళ్లు మెడికల్ సర్టిఫికెట్ అడగొచ్చు, లైసెన్సే రద్దు చేయొచ్చు. లైసెన్స్ పోయాక నడిపితే సొంత బండి డ్యామేజ్ క్లెయిమ్ మీద ఆశ వదులుకోవడమే. ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకుంటే అది చెల్లదని వాదించే వీలు అదే చట్టంలోని 150వ సెక్షన్ కంపెనీకి ఇస్తుంది. ప్రీమియం పెరుగుతుందేమోనని టెన్షన్ పడి దాచేవాళ్లు ఉంటారు, అదే తప్పు లెక్క. ఏజెంట్‌కు నోటిమాటగా చెబితే లాభం లేదు (రేపు ఆయనే నాకు తెల్వదంటాడు), కంపెనీకి మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. న్యూరాలజిస్టు సరే అనేదాకా స్టీరింగ్ ఇంకెవరికైనా ఇవ్వమనండి, లేదంటే బస్సుంది.