స్పానిష్ క్లాసుకి రూల్స్ రాసుకుంటున్న నా మేనకోడలికి

చిట్టితల్లీ,

నిన్న ఫోన్‌లో నువ్వు చదివి వినిపించిన క్లాస్ రూల్స్ గురించే రాత్రి చాలాసేపు ఆలోచిస్తూ పడుకున్నాను. మొత్తం ఇరవై మూడు. అందులో పదిహేడు "కూడదు" అనే మాటతోనే అయిపోయాయి. ఆగస్టులో మొదటిసారి హైస్కూల్ క్లాసులోకి వెళ్లబోతున్నావు, ముప్పై మంది పదిహేనేళ్ల పిల్లలు నీ వైపే చూస్తుంటారు. టెన్షన్ ఉండటం సహజం. భయం ఉన్నప్పుడు ఎవరైనా రూల్స్ ఎక్కువే రాస్తారు, నేనూ రాశాను. ఇరవై ఒక్క సంవత్సరాలు టెక్సాస్‌లో స్పానిష్ చెప్పి రిటైరయ్యాక చూసుకుంటే, నేను రాసిన వాటిలో చివరిదాకా నిలబడినవి నాలుగైదే. మిగిలినవి ఎందుకు తీసేయాల్సి వచ్చిందో చెబితే నీకు పనికొస్తుందని ఈ ఉత్తరం.

లెక్కల క్లాసు నిశ్శబ్దంగా ఉంటే లోపల పని జరుగుతోందని అనుకోవచ్చు. మన క్లాసు నిశ్శబ్దంగా ఉందంటే ఆ రోజు వృథా అయినట్టే. పైగా టెక్సాస్‌లో హైస్కూల్ పూర్తి చేయాలంటే ఒకే భాషలో రెండు క్రెడిట్లు, అంటే రెండేళ్ల చదువు, కావాలి కాబట్టి, మొదటి ఏడాది క్లాసు స్పానిష్ 1లో నీ ముందు కూర్చునే వాళ్లలో చాలామంది క్రెడిట్ కోసం వచ్చినవాళ్లే. వాళ్ల చేత నోరు తెరిపించడమే నీ ఉద్యోగం. అందుకని ప్రతి రూల్ దగ్గరా ఆగి, దీనివల్ల పిల్లలు ఎక్కువ మాట్లాడతారా తక్కువ మాట్లాడతారా అని నిన్ను నువ్వు అడుగు. తక్కువ మాట్లాడతారు అనిపిస్తే, అది ఎంత అందంగా ఉన్నా కొట్టేయ్.

ఈ సంగతి నాకు తెలిసొచ్చిన తీరు నీకు ఇంతవరకు చెప్పలేదు. నా మొదటి ఏడాది క్లాసులో ఇంగ్లిష్ మాట వినపడితే ఒక మార్కు కోత అని రూల్ పెట్టాను. అది క్రమశిక్షణ అనుకున్నాను. అక్టోబరు వచ్చేసరికి క్లాసులో చప్పుడు లేదు. ఒక అబ్బాయి వరండాలో స్నేహితులతో స్పానిష్, ఇంగ్లిష్ కలిపి గలగలా మాట్లాడేవాడు, నా క్లాసులో మాత్రం బల్ల వైపు చూస్తూ కూర్చునేవాడు. మార్కులు పోతున్నాయని ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ల అమ్మమ్మ వచ్చింది. ఆవిడ చిన్నప్పుడు బడి ఆవరణలో స్పానిష్ మాట్లాడినందుకు చెక్కబద్దతో దెబ్బలు తిన్నదట. ఆ భయంతో తన పిల్లలకి స్పానిష్ నేర్పలేదట. "మనవడికైనా రావాలని ఇంట్లో నేనే నేర్పుతున్నాను, మీరు కూడా మాటకి శిక్ష వేస్తారా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు. నేను చదువుకున్న కాన్వెంటులో తెలుగు మాట్లాడితే పావలా ఫైన్ ఉండేది. మీ నాన్న, నేను ఆ పావలాకి భయపడి సగం రోజు మూగవాళ్లలా కూర్చున్న రోజులున్నాయి. ఆ పని నేను ఇంకొకరి పిల్లలకి చేస్తున్నానని అర్థమై ఆ రాత్రే ఆ రూల్ చింపేశాను.

ఆవిడ చెప్పింది ఒక్క ఇంటి కథ కాదు. పశ్చిమ టెక్సాస్‌లో మార్ఫా అనే చిన్న ఊరుంది. అక్కడ మెక్సికన్ అమెరికన్ పిల్లల కోసం విడిగా నడిపిన బ్లాక్‌వెల్ స్కూల్‌లో, 1954లో పిల్లల చేత కాగితం ముక్కలు రాయించి, పెట్టెలో పెట్టి, స్పానిష్‌కి అంత్యక్రియలు చేసినట్టుగా భూమిలో పాతిపెట్టించారు. ఆ బడి 1965లో మూతపడింది. 2022లో దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తిస్తూ చట్టం చేశారు. వీలైతే ఒకసారి వెళ్లి చూడు. నీ క్లాసులో కూర్చునే పిల్లల్లో కొందరి తాతలు, అమ్మమ్మలు ఆ కాలంలో పెరిగినవాళ్లే. వాళ్ల ఇంటి భాషని నీకు జీతమిచ్చి చెప్పిస్తున్నారు. ఆ బరువు తెలిసి పాఠం చెప్పు.

అలాగని ఇంగ్లిష్‌లోనే పాఠం నడిపేయమని కాదు. అమెరికాలో భాషల టీచర్ల సంఘం ఆక్ట్‌ఫుల్ క్లాసులో కనీసం తొంభై శాతం సమయం నేర్పే భాషలోనే గడవాలని 2010 నుంచి చెబుతోంది. అది సాధ్యమే. కానీ ఆ భారం ముందుగా నీది, తర్వాతే పిల్లలది. నువ్వు స్పానిష్‌లో నెమ్మదిగా, బొమ్మలు చూపిస్తూ, చేతులు తిప్పుతూ, తెలిసిన మాటలే మళ్లీ మళ్లీ వాడుతూ మాట్లాడాలి. వాళ్లు సగం ఇంగ్లిష్‌లో జవాబిచ్చినా తీసుకుని, అదే మాటని స్పానిష్‌లో వాళ్లకి తిరిగి వినిపించాలి. నా రూల్ చివరికి ఇలా మిగిలింది: "ముందు స్పానిష్‌లో ప్రయత్నించు, ఆగిపోతే అడుగు." అడగటానికి కావలసిన వాక్యాలు మొదటి రోజే గోడ మీద పెద్ద అక్షరాలతో పెట్టు. కోమో సె దీసె అంటే దీన్ని ఎలా అంటారు అని, నో ఎంతియెందో అంటే నాకు అర్థం కాలేదని, మాస్ దెస్పాసియో అంటే ఇంకొంచెం మెల్లగా అని. బాత్‌రూమ్‌కి వెళ్లాలన్నా పుయెదో ఇర్ అల్ బాన్యో అనే అడగాలి. ఈ ఒక్కటీ వారంలో అందరికీ వచ్చేస్తుంది, ఎందుకంటే అందరికీ అవసరం. వ్యాకరణం వివరించాల్సి వచ్చినప్పుడు బోర్డు మీద ఒక గుర్తు పెట్టి, పది నిమిషాలు ఇంగ్లిష్‌లో చెప్పేసి, గుర్తు తుడిపేయ్. పిల్లలకి ఆ తేడా స్పష్టంగా తెలియాలి.

ఇక నేను ఎన్నడూ సడలించని రూల్ ఒకటుంది: తప్పు మాట్లాడిన వాళ్లని చూసి ఎవరూ నవ్వకూడదు. "కూడదు" అనే మాట ఇక్కడ ఉండనీ. ఒకసారి ఒక అమ్మాయి తనకి సిగ్గుగా ఉందని చెప్పబోయి ఎంబరసాదా అనేసింది. ఆ మాటకి గర్భవతి అని అర్థం. వెనక బెంచీలో ఎవరో గట్టిగా నవ్వారు, ఆ పిల్ల ముఖం ఎర్రబడిపోయింది. నేను పాఠం అక్కడే ఆపేశాను. ఈ మాట దగ్గర ఇంగ్లిష్ వచ్చిన ప్రతివాళ్లూ పడతారని, నేను కమ్యూనిటీ కాలేజీలో ఇరవై ఆరేళ్ల వయసులో స్పానిష్ మొదలుపెట్టినప్పుడు నేనూ పడ్డానని చెప్పి, సరైన మాట అందరి చేతా పలికించి ముందుకెళ్లాను. నవ్విన అబ్బాయితో క్లాసయ్యాక విడిగా మాట్లాడాను, అందరి ముందు కాదు. ఒక్క నవ్వుని వదిలేస్తే ఆ రోజు నుంచి పదిమంది నోళ్లు మూతపడతాయి. యాసని ఎగతాళిగా అనుకరించడం కూడా ఇందులోకే వస్తుంది. స్పానిష్‌ని "మెక్సికన్ భాష" అనే పిల్లలు ఉంటారు. కోప్పడకుండా మ్యాప్ చూపించు. స్పానిష్ అధికార భాషగా ఉన్న దేశాలు ఇరవై ఉన్నాయి, ఆఫ్రికాలో ఈక్వటోరియల్ గినియాతో సహా. ఈ దేశంలోనే నాలుగు కోట్ల మందికి పైగా ఇళ్లలో స్పానిష్ మాట్లాడుతున్నారు.

ట్రాన్స్‌లేటర్, చాట్‌జీపీటీ విషయంలో నువ్వు రాసింది "వాడితే సున్నా" అని. నాకు నీ బాధ అర్థమైంది. కానీ స్పానిష్ 1 పిల్లవాడి హోంవర్క్‌లో ఉబియెరా లాంటి, పై క్లాసుల్లో నేర్పే క్రియారూపం కనిపిస్తే అది వాడిది కాదని నీకు ఎలాగూ తెలుస్తుంది. అప్పుడు దొంగని పట్టుకున్నట్టు చేయకు. పక్కన కూర్చోబెట్టుకుని "ఈ వాక్యం నాకు చెప్పు నాన్నా" అని అడుగు. చెప్పలేకపోతే, తనకి వచ్చిన మాటలతోనే అదే సంగతి మళ్లీ రాయమను. డిక్షనరీలో ఒక్కో మాట చూసుకోవచ్చు, మొత్తం వాక్యం మెషీన్‌కి ఇవ్వకూడదు అని గీత ఎక్కడుందో ముందే చెప్పు. అన్నిటికంటే పనిచేసేది ఇంకొకటుంది. రాతపని ఎక్కువ భాగం క్లాసులోనే, కాగితం మీద చేయించు. ఇంటికి వినడం, చదవడం ఇవ్వు.

ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. వీళ్లకి విడిగా క్లాసు పెట్టే స్కూళ్లున్నాయి, నీ స్కూల్‌లో లేదన్నావు. వాళ్లు లంచ్‌ని లోంచె అంటారు, ట్రక్‌ని త్రోకా అంటారు. నీ పుస్తకంలో ఉండేవి అల్మువెర్సో, కమియొనేతా. పుస్తకం పట్టుకుని వాళ్ల మాట తప్పు అనేశావంటే వాళ్ల అమ్మ మాట తప్పన్నట్టే. శ్రీకాకుళం మాటని, కర్నూలు మాటని, కరీంనగర్ మాటని తప్పుగా లెక్కగట్టినవాళ్లని మనం చూశాం కదా, ఆ బాధ మనకి తెలుసు. "ఇది మీ ఇంటి మాట, ఇది పరీక్షలో రాసే మాట, రెండూ నీకు ఉండాలి" అని చెప్పు. వాళ్లకి మాట్లాడటం వస్తుంది కానీ రాయడంలో ఇబ్బంది పడతారు. కాబట్టి వాళ్ల నుంచి ఆశించేది వేరుగా రాసుకో. వాళ్లని రోజూ పక్కవాళ్లకి టీచర్లుగా మాత్రం వాడుకోకు, వాళ్లూ నేర్చుకోవడానికే వచ్చారు.

నీ తెలుగు నీకు ఎంత సాయమో ఇంకా నువ్వు గమనించినట్టు లేదు. మె గుస్తా ఎల్ కఫే అనే వాక్యం ఇంగ్లిష్ పిల్లలకి తలకిందులుగా కనిపిస్తుంది. మనకి అది "నాకు కాఫీ నచ్చుతుంది", మాటకి మాట. ఆబ్లో, ఆబ్లాస్ అంటే మాట్లాడతాను, మాట్లాడతావు. క్రియలోనే మనిషి ఉన్నాడు కాబట్టి యో, అంటే నేను, అని ప్రతిసారీ అనక్కర్లేదు. తూ, ఉస్తెద్ తేడా నువ్వు, మీరు లాంటిదే. అందుకే క్లాసులో నాతో ఉస్తెద్ అనే మాట్లాడమనేదాన్ని. మర్యాద పాఠం విడిగా చెప్పే అవసరం రాలేదు.

ఫోన్ల గురించి నువ్వు రాసిన ఆరు రూల్స్ తీసేయ్. 2025లో టెక్సాస్ చట్టమే చేసింది, బడి వేళల్లో పిల్లలు సొంత ఫోన్ వాడకూడదు. స్కూల్ పద్ధతి ఏదో అదే నీదీ. లేటుగా ఇచ్చిన హోంవర్క్‌కి ఎంత కోత, రీటెస్ట్ ఎన్నిసార్లు అనేవి నీ డిపార్ట్‌మెంట్‌లో మిగతా టీచర్లు ఏం చేస్తున్నారో అడిగి అలాగే పెట్టు. పక్క గదిలో ఒకలా, నీ గదిలో ఒకలా ఉంటే పిల్లలకి అన్యాయం. 504 ప్లాన్, ఐఈపీ, అంటే వైకల్యం ఉన్న పిల్లలకి స్కూల్ ఇవ్వాల్సిన సాయం రాసిపెట్టిన ప్లాన్లు, ఉన్న పిల్లల కాగితాలు మాత్రం మొదటి రోజుకి ముందే చదువు. ఎక్కువ టైమ్ ఇవ్వాలని అందులో ఉంటే నీ రూల్‌తో పని లేదు, ఇచ్చి తీరాలి. ఆ సంగతి ఇంకో పిల్లవాడి ముందు ఎత్తకు.

తల్లిదండ్రులకి పంపే కాగితం ఒక్క పేజీ దాటనివ్వకు, ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ పంపు. మన తెలుగువాళ్లూ వస్తారు, బి ప్లస్ ఎందుకొచ్చిందని అడుగుతారు. ఓపిగ్గా పిల్ల మాట్లాడిన రికార్డింగ్ వినిపించు. ఆగస్టుకీ డిసెంబరుకీ తేడా వాళ్ల చెవులకే తెలుస్తుంది. మార్కుల కోసం పోట్లాడటానికి వచ్చిన ఒక నాన్నగారు అది విని, ఇంట్లో రోజూ పది నిమిషాలు వింటానని చెప్పి వెళ్లారు.

చాలామంది టీచర్లు పిల్లలకి స్పానిష్ పేర్లు పెడతారు. ఇష్టమున్నవాళ్లు పెట్టుకోనీ, బలవంతం చేయకు. నీ పేరుని పన్నెండేళ్లు సాగదీసి, విరిచి పిలిస్తే నువ్వు ఇంటికొచ్చి ఎలా ఏడ్చేదానివో నాకు గుర్తుంది. క్లాస్ లిస్టు చేతికి రాగానే ప్రతి పేరూ ఎలా పలకాలో ముందే అడిగి తెలుసుకో. నూట యాభై పేర్లయినా సరే. మొదటి రోజు రూల్స్ చదవకుండా, ఒక్కొక్కరి పేరు వాళ్లు చెప్పినట్టుగా పలికి, వాళ్ల చేత ఒక్క వాక్యం, మె యామో (నా పేరు) అని మొదలుపెట్టి, చెప్పించు. రూల్స్ కాగితం రెండో రోజు ఇవ్వు.

కొత్త కాగితం రాశాక పంపు, ఆదివారం కూర్చుని ఇద్దరం కలిసి చూద్దాం. స్కూల్ తెరిచే ముందు శనివారం నీ గదికి వచ్చి గోడ మీద వాక్యాలు అంటించడంలో సాయం చేస్తాను. పెద్ద అక్షరాల స్టెన్సిల్స్ నా దగ్గర ఇంకా ఉన్నాయి, కొనకు.

ప్రేమతో,
నీ అత్తమ్మ