షీటు ధర కాదు, షీటు ఆయుష్షు లెక్కేయండి

ప్రశ్న: మాది ఆనందపురం దగ్గర పల్లె. మావారు రిటైరయ్యాక వచ్చిన డబ్బులో 18 లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి. పావు ఎకరంలో పాలీహౌస్ వేసి కాప్సికం, టమాటా పండిద్దామంటున్నారు. కొటేషన్ 12 లక్షలు. షేడ్ నెట్ అయితే 6 లక్షలట. ఏది మేలు?

జవాబు: కాప్సికం అనగానే నాకు భయమేసిందమ్మా. పాలీహౌస్‌కి కప్పే పాలిథిన్ షీటు ఎండను లోపలికి రానిస్తుంది, వేడిని మాత్రం అంత తేలిగ్గా బయటికి పోనివ్వదు. చలి ప్రాంతాల్లో అది వరమే. మన విశాఖ ఉక్కలో మాత్రం, మే నెలలో గాలాడని పాలీహౌస్‌లోకి వెళ్తే నిమిషంలో చొక్కా వీపుకి అతుక్కుంటుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రీ చల్లబడకపోతే టమాటా పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. కాప్సికం ఇంకా సున్నితం. మొక్క ఏపుగా కనిపిస్తుంది, కాయ ఉండదు.

షేడ్ నెట్ అంటే నీడ కోసం కట్టే వల, అందులో గాలి ఆడుతుంది. అయితే 50 శాతం నెట్ సగం వెలుతురు ఆపేస్తుంది. కొత్తిమీరకి, పాలకూరకి, నారుకి అది బాగుంటుంది. కాయ పంటలకైతే 35 శాతం నెట్ అడగండి. వాన మాత్రం నెట్‌తో ఆగదు.

ఇక డబ్బు సంగతి. ఎండను తట్టుకునేలా చేసిన 200 మైక్రాన్ల యూవీ షీటు కూడా మూడు, నాలుగేళ్లకు మించి నమ్మలేం. కొత్తగా ఉన్నప్పుడు 85-90 శాతం వెలుతురు లోపలికి వస్తుంది. భీమిలి రోడ్డులో ఒక రైతు షీటు మీద నేను వేలితో గీస్తే దుమ్ములో తెల్లటి గీత పడింది. కడగకపోతే ఆ మేరకు దిగుబడి తగ్గినట్టే. అందుకే కొటేషన్‌లో షీటు ఖరీదు విడిగా రాయించుకోండి. లక్షన్నర అనుకుంటే, మూడేళ్లకు కొత్త షీటు మార్చడానికి 36 నెలలపాటు నెలకు దాదాపు 4,170 రూపాయలు పక్కన పెట్టాలి. అది ముందు ఆర్‌డీలో (నెలనెలా కట్టే డిపాజిట్‌లో) పడాలి, మిగిలిందే లాభం. తుఫాను నష్టానికి బీమా కూడా అడగండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన ఊరిని ఏం చేసిందో మీకు నేను చెప్పాలా?

ఉద్యాన మిషన్ కింద సగం దాకా రాయితీ ఉంది. కానీ అది చేతికొచ్చేదాకా మీ డబ్బే తిరగాలి. పని మొదలుపెట్టకముందే ఉద్యాన శాఖ అనుమతి తీసుకోండి.

నేనైతే ఎఫ్‌డీలోంచి 4 లక్షలకు మించి తీయనివ్వను. సగం విస్తీర్ణంలో నెట్ వేసి, వేసవిలో కొత్తిమీర, ఆకుకూరలు పండించి రైతుబజారుకి పంపండి. ఎండాకాలం కొత్తిమీర కట్ట ధర మీకు తెలిసిందే. 12 లక్షలు పెట్టి, పూత రాలిన తోట చూసుకునే టెన్షన్ ఈ వయసులో మీకొద్దు.

అయినా మీవారికి పాలీహౌసే కావాలనిపిస్తే, మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మీ చుట్టుపక్కల ఎవరిదైనా పాలీహౌస్‌లో పావుగంట నిలబడి పూత చూసి రమ్మనండి. కొటేషన్ మీద సంతకం ఆ తర్వాతే.