తలారి అంటే ఉరి తీసేవాడేనా?

సందేహం: మా అపార్ట్‌మెంటు నోటీసులో నైట్ వాచ్‌మన్‌ను ‘రాత్రి కాపలాదారుడు’ అని రాశారు. ‘తలారి’ అని రాద్దామంటే అది ఉరి తీసేవాడి పేరని మిత్రులు అభ్యంతరం చెప్పారు. ఏది సరైనది?

సమాధానం: మీ మిత్రుల అభ్యంతరం పత్రికల చలవ. ఉరిశిక్ష వార్త వచ్చినప్పుడు తప్ప తలారిని తలవని విలేఖరులు ఆ ఒక్క అర్థాన్నే జనంలో పాదుకొల్పారు. శిక్ష పడినవారిని వధ్యస్థానానికి తీసుకుపోయే పని కూడా తలారులదే కావడం వల్ల ఆ అర్థం ఏర్పడింది గాని, ఊరిని కాయడమే వారి అసలు వృత్తి.

ఈ పదం పుట్టుక సామాన్యమైనది కాదు. నాగార్జునకొండలో మహాచైత్యాన్ని నిర్మింపజేసిన చాంతిసిరి ఇక్ష్వాకు ప్రభువు చాంతమూలుని సోదరి; క్రీ.శ. 3వ శతాబ్దపు ఆ ప్రాకృత శాసనాలు ఆమె భర్తను ‘మహాతలవర’ అని పేర్కొన్నాయి. రాజు తన ఆడపడుచును ఇవ్వదగినంతటి హోదా అది! ఆ తలవర శబ్దమే తలవరిగా, తలారిగా మారింది. తమిళంలో తలైయారి, కన్నడంలో తళవార ఉన్నాయి కనుక ఇది ద్రావిడ పదమేననీ, ప్రాకృతం దీనిని మన నుంచే తీసుకుందనీ నేను భావిస్తాను. పండితులందరూ దీనికి అంగీకరించరు. సామంతుని బిరుదుగా మొదలైన మాట నగర రక్షకునికి చెల్లి, చివరకు మునసబు కింద పనిచేస్తూ, రాత్రిపూట చేతికర్రతో ఊరంతా గస్తీ తిరిగి, పగలు శిస్తు కట్టవలసిన రైతులను చావడికి పిలుచుకొచ్చే గ్రామసేవకునికి మిగిలింది. ఇంటిపేరుగా ఈనాటికీ వినబడుతూనే ఉంది.

ఇక ‘కాపలాదారుడు’ అన్న రూపం నాకు రుచించదు. ‘దారు’ అనే పారసీక ప్రత్యయమే ఆ పని చేసేవాణ్ణి తెలుపుతుండగా దానిమీద మళ్లీ ‘డు’ ఎందుకు? చందాదారు, హక్కుదారు అన్నట్లే కాపలాదారు అంటే చాలు. సంస్కృతంలో యామికుడు అంటారు, అంటే జాములు కాసేవాడు. నగరాలలో ఏ ప్రాంతంవాడినైనా గూర్ఖా అనేస్తున్నారు. టెస్టు క్రికెట్‌లో ఆనాటి ఆట ముగిసే వేళ అసలైన బ్యాటర్‌ను కాపాడడానికి ముందుగా దిగే ఆటగాడికి మాత్రం నైట్ వాచ్‌మన్ అన్న పేరునే ఉంచవచ్చు. 2006లో చిట్టగాంగ్‌లో అలా దిగిన ఆస్ట్రేలియా బౌలర్ గిలెస్పీ 201 పరుగులతో అజేయంగా నిలిచాడు.

మీ నోటీసులో ‘రాత్రి కావలి’ అని రాస్తే అందరికీ తెలుస్తుంది. తలారి గ్రామోద్యోగి పేరుగా రూఢమైంది కనుక అపార్ట్‌మెంటులో అలాగే రాయాలని నిర్బంధించలేను. రాస్తే తప్పని మాత్రం ఒప్పుకోను.