78 వేలు తిరిగిన టర్బో హ్యాచ్‌బ్యాక్ కొనొచ్చా? ముందు ఆ రెండేళ్ల బిల్లులు అడగండి

మీరు రాసింది ఇదీ: ఆరేళ్ల టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు, 78,000 కిలోమీటర్లు, ఒకే ఓనర్. మొదటి నాలుగేళ్లు కంపెనీ సర్వీస్, తర్వాత రెండేళ్లు "తెలిసినవాళ్ల దగ్గర" చేయించాడట. టెస్ట్ డ్రైవ్‌లో పికప్ చూసిన దగ్గర్నుంచి మీకు నిద్రపట్టడం లేదు, మీ మెకానిక్కేమో "టర్బో అంటే తలనొప్పి, మామూలు ఇంజిన్ బండి చూసుకోండి" అంటున్నాడు.

మీ మెకానిక్ చెప్పింది సగం నిజం. తలనొప్పి టర్బోతో (ఇంజిన్లోకి గాలిని నొక్కి పంపే పరికరంతో) కాదు, ఆ ఇంజిన్‌ని మామూలు ఇంజిన్ అనుకుని నడిపిన మనిషితో. కాబట్టి మీరు కొనేది బండి ఒక్కటే కాదు, ఆ ఓనర్ ఆరేళ్ల ఆయిల్ అలవాట్లు కూడా. ఈ సంగతి నాకు డబ్బు పోగొట్టుకున్నాకే తెలిసింది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

నా మొదటి టర్బో బండి కూడా అచ్చం ఇలాంటిదే. 62,000 తిరిగింది, పెయింట్ మీద గీత లేదు, లోపల కొత్త బండి వాసన (స్ప్రే అని తర్వాత తెలిసింది లెండి). మూడో గేర్లో యాక్సిలరేటర్ తొక్కగానే వీపు సీటుకి అతుక్కుంది, అంతే, ఇక నా బుర్ర పనిచేయలేదు. సర్వీస్ పుస్తకంలో రెండు ఎంట్రీల మధ్య దాదాపు రెండేళ్లు ఖాళీ కనిపిస్తూనే ఉంది. అడిగితే అమ్మేవాడు "బండి పెద్దగా తిప్పలేదు సార్, అందుకే" అన్నాడు. తక్కువ తిరగడం మంచిదే కదా అనుకున్నా. కాదు. రోజూ ఇంటి నుంచి ఆఫీసుకి మూడు నాలుగు కిలోమీటర్లు, ఇంజిన్ సరిగ్గా వేడెక్కకముందే ఆపేయడం, ఇలా నడిచిన బండిలో కాలని పెట్రోలు కొంత ఆయిల్లోకి దిగుతుంది, తేమ ఆవిరైపోదు, ఆయిల్ తన జిగురు కోల్పోతుంది. రోజూ వంద కిలోమీటర్లు హైవే మీద తిరిగిన బండిలో ఈ బాధ చాలా తక్కువ. మీటర్లో అంకె చిన్నదైతే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు.

నాలుగు నెలలు బాగానే ఉంది. ఒకరోజు లోడుతో పెద్ద ఎత్తు ఎక్కుతుంటే దూరంగా అంబులెన్స్ సైరన్ లాంటి చప్పుడు. నిజంగానే అద్దంలో చూశా, దారి ఇద్దామని. చప్పుడు నా బానెట్ కిందనుంచే వస్తోంది. ఇంకో నిమిషానికి వెనక నీలం పొగ, మీటర్లో ఇంజిన్ లైటు, ఇంజిన్ తనంతట తానే పవర్ తగ్గించుకుంది. టర్బో పోయింది.

అసలు కథ ఇక్కడ మొదలైంది. ఒక వర్క్‌షాప్‌లో కొత్త టర్బో వేయించా. మూడు వారాల్లో అదీ పోయింది. రెండోసారి చూసిన మెకానిక్ టర్బోని పక్కన పెట్టి దానికి ఆయిల్ తెచ్చే సన్నటి పైపు విప్పి నా చేతిలో పెట్టాడు. ఒక కొసనుంచి ఊదమన్నాడు. గాలి పోలేదు. లోపలంతా మాడి గట్టిపడిన ఆయిల్, బొగ్గులా. మొదటి వర్క్‌షాప్ వాళ్లు పైపు మార్చకుండా, సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం) విప్పి శుభ్రం చేయకుండా కొత్త టర్బో ఒక్కటే బిగించారు, దానికి ఆయిల్ అందలేదు, చచ్చిపోయింది. టర్బో పోవడం చాలాసార్లు జబ్బు కాదు, జబ్బు లక్షణం. అందుకే ఎవరైనా "ఈమధ్యే కొత్త టర్బో వేయించాం" అని గొప్పగా చెప్తే సంతోషపడకండి. ఎందుకు పోయింది, దాంతోపాటు ఆయిల్ పైపు మార్చారా, బిల్లులో ఆ లైను ఉందా, ఈ మూడూ అడగండి.

ఆయిల్ గురించి ఇంత గోల ఎందుకంటే, టర్బోలో ఒకే ఇరుసుకి రెండు చక్రాలుంటాయి. ఒకదాన్ని సైలెన్సర్ వైపు పోయే వేడి గాలి తిప్పుతుంది, రెండోది బయటి గాలిని నొక్కి ఇంజిన్లోకి తోస్తుంది. చిన్న పెట్రోల్ ఇంజిన్ల టర్బోలు నిమిషానికి రెండు లక్షల చుట్లు కూడా దాటగలవు. ఫుల్ లోడులో లోపలికి వచ్చే పొగ వేడి 900 డిగ్రీల సెల్సియస్ పైమాటే. అంత వేగంతో తిరిగే ఇరుసు చాలా బండ్లలో ఇనుము మీద ఇనుము ఆని తిరగదు, పల్చటి ఆయిల్ పొర మీద తేలుతుంది. ఆ పొర క్షణం తెగితే చాలు. జోరుగా నడిపి వచ్చి టక్కున ఇంజిన్ ఆపేస్తే అక్కడ నిలిచిపోయిన ఆయిల్ మాడుతుంది. ఇప్పటి టర్బోలకి చాలావరకు నీళ్ల కూలింగ్ ఉంది కాబట్టి పాతకాలం అంత భయం లేదు గానీ, గడువు దాటిన ఆయిల్‌ని ఏ కూలింగూ కాపాడదు.

(ఈ ఓనర్ గొడవ ఇవాళ్టిది కాదు. కార్లలో టర్బో మొదటిసారి అమ్మకానికి వచ్చింది 1962లో, అమెరికాలో. వాటిలో ఒకటైన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌కి నీళ్లూ మిథనాలూ కలిపిన ఒక ద్రవం విడిగా పోస్తుండాలి. జనం పోయడం మర్చిపోయేవాళ్లు. చివరికి చాలా బండ్లకి టర్బో పీకేసి మామూలు కార్బ్యురేటర్ పెట్టేశారు.)

సరే, మీ బండి సంగతి. ఆ చివరి రెండేళ్ల బిల్లులు అడగండి. స్టాంపులు కాదు, బిల్లులు. ఏ తేదీ, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ గ్రేడు ఆయిల్. ఆ మోడల్ పుస్తకంలో చెప్పిన గ్రేడేనా చూడండి. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలుని నేరుగా సిలిండర్లోకే చిమ్మే) టర్బో ఇంజిన్లలో తక్కువ ఆర్పీఎంలో ఎక్కువ లోడు పడితే పెట్రోలు, గాలి మిశ్రమం వేళకి ముందే పేలి పిస్టన్లు పగలగొట్టే సమస్య ఒకటుంది, దాన్ని దృష్టిలో పెట్టుకునే 2018లో ఏపీఐ ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్పీ అనే ఆయిల్ ప్రమాణాలు వచ్చాయి. కాబట్టి "ఏదో మంచి ఆయిలే పోశాం" అనేది జవాబు కాదు.

చూడ్డానికి వెళ్లేటప్పుడు "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ఫోన్లో చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఆయన మీకంటే ముందే ఏదో దాచిపెట్టే పనిలో ఉన్నాడు, లేదా పొద్దున్నే పాల ప్యాకెట్‌కి వెళ్లొచ్చాడు, ఏదైనా సరే ఇంకో రోజు రండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు మొదటి రెండు మూడు సెకన్లు చెవి పెట్టి వినండి, గొలుసు గలగలలాడినట్టు వినిపిస్తే టైమింగ్ చైన్ సాగి ఉండొచ్చు. అలా రెండు నిమిషాలు వదిలేసి, తర్వాత ఒక్కసారి రేజ్ చేసి వెనక ఎవరినైనా చూడమనండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, టర్బో సీళ్లు కావచ్చు, వాల్వ్ సీళ్లు కావచ్చు. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోందేమోనని అనుమానించాలి, అక్కడ బేరం కూడా ఆడకుండా వచ్చేయండి.

ఆయిల్ డిప్ స్టిక్ తీసి వాసన చూడండి, సిగ్గుపడకండి. పెట్రోలు వాసన గుప్పుమంటే, లెవెల్ పై గీత దాటి ఉంటే, అది నా మొదటి బండి లాంటి బండే. మెకానిక్ వెంట ఉంటే గాలి పైపు ఊడదీసి టర్బో ఇరుసుని వేళ్లతో కదిపి చూడమనండి. పక్కలకి కొంచెం ఊగడం మామూలే, దానికి కంగారుపడి మంచి బండి వదిలేసినవాళ్లని చూశా. ముందుకూ వెనక్కూ చేతికి తెలిసేలా కదిలితే, రెక్కలు గోడకి రాసుకున్న గీతలుంటే, అప్పుడు వద్దు. పైపులో పల్చటి ఆయిల్ తడి కూడా మామూలే, గుంటలా నిలిచి ఉంటే కాదు.

నడిపేటప్పుడు పికప్ ఎంజాయ్ చేయడానికి కాదు వెళ్లింది అని గుర్తుపెట్టుకోండి, నేను అదే మర్చిపోయా. ఇంజిన్ బాగా వేడెక్కాక నాలుగో గేర్లో 2,000 ఆర్పీఎం దగ్గర్నుంచి ఫుల్లుగా తొక్కండి. ఆర్పీఎం పైకి పోతూ స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది, టర్బో టార్కుకి క్లచ్ త్వరగా అరుగుతుంది. మధ్యలో తన్నినట్టు కుదుపు వస్తే చాలాసార్లు స్పార్క్ ప్లగ్గులు గానీ వాటికి కరెంటు ఇచ్చే కాయిల్స్ గానీ కారణం, అది చిన్న ఖర్చే. "హుష్" అని గాలి కారుతున్న చప్పుడుతో పాటు పవర్ మందంగా ఉంటే ఏదో పైపు చిరిగి ఉండొచ్చు, అదీ పెద్ద విషయం కాదు, కానీ ధర తగ్గించడానికి మంచి సాకు.

ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ నమోదు చేసుకున్న లోపాల కోడ్స్ చదివే చిన్న పరికరం) పట్టుకెళ్లండి. చాలామంది "కోడ్స్ ఏమీ లేవు" అని చూసి వచ్చేస్తారు. చూడాల్సింది కోడ్స్ ఒక్కటే కాదు, బండి తన పరీక్షలు తాను పూర్తిచేసుకుందా లేదా అని చూపించే రెడీనెస్ మానిటర్లు. చాలావరకు "పూర్తి కాలేదు" అని ఉంటే ఎవరో ఈమధ్యే కోడ్స్ చెరిపేశారు, లేదా బ్యాటరీ విప్పారు. నిన్న బ్యాటరీ మార్చాం అంటే బ్యాటరీ బిల్లు అడగండి. అలాగే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలు మోతాదుని కంప్యూటర్ ఎంత సరిదిద్దుకుంటోందో చెప్పే అంకె) 10 శాతం దాటి అటో ఇటో ఉంటే కారణం తెలిసేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.

నన్నడిగితే అన్నిటికంటే భయపడాల్సింది రీమ్యాప్ చేసి (పవర్ పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి), అమ్మేముందు మళ్లీ మామూలు సాఫ్ట్‌వేర్ ఎక్కించిన బండికి. పైకి ఏమీ కనపడదు. ఆరేళ్ల బండిలో ఒక్క గాలి పైపు క్లిప్పులే కొత్తగా మెరుస్తుంటే, ఎయిర్ ఫిల్టర్ డబ్బా స్క్రూలు పదిసార్లు విప్పినట్టు అరిగి ఉంటే, అన్ని వస్తువులూ పాతవై క్లచ్ ఒక్కటే కొత్తదైతే, సూటిగా అడగండి. ఒప్పుకుని ఏం చేశాడో కాగితాలతో చూపించే మనిషి నాకు నయమే అనిపిస్తాడు, తడబడేవాడితోనే ఇబ్బంది.

ఇంకోటి, డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ అయితే పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల మీద పడదు కాబట్టి వాటి మీద మసి పేరుకుంటుంది. పొద్దున స్లోలో వణుకు ఉంటే అది కావచ్చు. శుభ్రం చేయించుకోవచ్చు, దానికోసం బండి వదులుకోనక్కర్లేదు.

ఇంత జరిగాక నేను మళ్లీ కొన్నది ఏంటో తెలుసా? ఇంకో టర్బో హ్యాచ్‌బ్యాకే. ఈసారి 1,10,000 తిరిగింది, బంపర్ మీద గీతలు, సీటు కొంచెం చిరిగింది. చూసినవాళ్లంతా నవ్వారు. కానీ దాని ఓనర్ లావుపాటి ఫైలు తెచ్చి టేబుల్ మీద పెట్టాడు, కంపెనీ చెప్పిన గడువుకంటే ముందే ప్రతిసారీ ఆయిల్ మార్చిన బిల్లులు, ప్లగ్గులు మార్చిన తేదీలు అన్నీ వరసగా. నాలుగేళ్లలో నేను ఇంకో 45,000 తిప్పా. ఒక కాయిల్, ఒక రబ్బరు పైపు, ఒక బ్యాటరీ పోయాయి. టర్బో అదే.

కొంటే మాత్రం బండి ధరలో పదిహేను శాతం దాకా పక్కన ఉంచుకోండి, మొదటి వారంలోనే ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు మార్పించేయండి. ఆ డబ్బు తీసేస్తే మీ బడ్జెట్ సరిపోకపోతే మీ మెకానిక్ మాటే వినండి, మామూలు ఇంజిన్ తీసుకోండి.

ముందు మాత్రం ఆ రెండేళ్ల బిల్లులు. ఓనర్ పంపిస్తే తేదీలు, కిలోమీటర్లు, ఆయిల్ గ్రేడు ఇక్కడ కింద రాయండి, చూసి చెప్తాను. "ఎక్కడో పెట్టాను, వెతకాలి" అని రెండోసారి కూడా అంటే, నేనైతే ఇంకో బండి చూస్తా.