గానుగ దగ్గర ఒక పూట కూర్చో

అనంతపురం

చిరంజీవి బుజ్జికి,

పెద్దనాయన ఆశీర్వదించి రాయునది. నువ్వు వాట్సాప్‌లో పంపిన గానుగ నూనె ప్రకటన నిన్న రాత్రి మూడుసార్లు చదివాను. కాపీ రైటింగ్, అంటే ప్రకటనలకు మాటలు రాసే పని, నేర్చుకుంటాననీ, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ అడిగావు. పాతూరులో ముప్పై ఏళ్లు ప్రెస్సు నడిపినవాణ్ని. పెళ్లిపత్రికలకన్నా కరపత్రాలే ఎక్కువ వేశాను, వాటిలో సగానికి మాటలు కూడా నేనే రాసిచ్చాను. అందుకే ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా తీరిగ్గా రాస్తున్నాను.

‘ఆరోగ్యమే మహాభాగ్యం! స్వచ్ఛమైన, సహజమైన, అత్యుత్తమ నాణ్యత గల గానుగ నూనె. నేడే సంప్రదించండి!’ అని రాశావు. తప్పుల్లేవు. కానీ గానుగ నూనె అన్న మాట తీసి నెయ్యి అని పెట్టి చూడు, తేనె అని పెట్టి చూడు. చక్కగా అతుకుతుంది. అన్నిటికీ అతికే మాటలతో గుత్తిలో మీ వీధి గానుగాయనకు ఒరిగేదేముంది?

ట్రెడిల్ అనే పాత అచ్చుయంత్రం మీద వేసే రోజుల్లో ఒక్కో సీసపు అక్షరం గళ్లలోంచి చేత్తో ఏరి స్టిక్కు అనే చిన్న పట్టీలో పేర్చేవాళ్లం. ‘అత్యుత్తమ’ అని పేర్చాలంటే ఒత్తులు వెతుక్కునేసరికి ప్రాణం విసిగేది. ఇంత కష్టపడి పెట్టే మాట ఏదైనా పని చేస్తుందా అని అప్పుడు ఆలోచన వచ్చేది. నీకు ఫోన్‌లో ఆ కష్టం లేదు. అందుకని రాసిన ప్రతి మాటనూ ఒకసారి తీసేసి చదువు. ఏమీ తగ్గలేదనిపిస్తే మళ్లీ పెట్టొద్దు.

ఇక అసలు పని. రాయడానికి ముందు ఒక పూట గానుగ దగ్గర బల్ల మీద కూర్చో. వచ్చినవాళ్లు ఏం అడుగుతారో వాళ్ల మాటల్లోనే నోటు పుస్తకంలో రాసుకో. పోయిన నెల నేను వచ్చినప్పుడు అరగంట కూర్చుంటేనే మూడు మాటలు చెవిన పడ్డాయి. ఒకామె ‘ఇంత ధర ఏందన్నా, ప్యాకెట్ నూనె దీంట్లో సగానికే వస్తాది కదా’ అంది. ఒక ముసలాయన సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని ‘అడుగున ఈ మడ్డి ఏంది?’ అన్నాడు. ఇంకొకామె గానుగాయనకు వినపడకుండా పక్కామెను అడిగింది: ‘వేరే నూనె కలపరని ఏం నమ్మకం?’ ఈ మూడోది బాగా గుర్తుపెట్టుకో. మొహమాటంతో పైకి అడగని అనుమానం ఉన్న మనిషి ‘మళ్లీ వస్తాలే’ అని వెళ్లిపోతుంది. నీ కాగితం ఆమె అడగకముందే జవాబు చెప్పాలి.

ఆ జవాబులు గానుగాయన దగ్గరే ఉన్నాయి. లీటరు నూనెకు ఆయనకు రెండున్నర కిలోల దాకా శెనక్కాయ పప్పు పడుతుంది. గానుగ ఎంత తిప్పినా చెక్కలో, అంటే మిగిలిన పిప్పిలో, కొంత నూనె ఉండిపోతుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో ఆ చెక్కలోంచి కూడా ద్రావకంతో నూనె లాగుతారు, అందుకే వాళ్లకు గిట్టుబాటవుతుంది. ఈయన ఆడించిన నూనెను మూడు రోజులు డ్రమ్ముల్లో తేర్చి పైది వంచుకుంటాడు, రిఫైన్ చెయ్యడు గనక కాస్త మడ్డి సీసాలోకి దిగుతుంది. ఆయనకిది రోజూ చేసే పని, ఇందులో చెప్పుకోవాల్సింది ఉందని తోచదు.

అమెరికాలో క్లాడ్ హాప్‌కిన్స్ అని ఒక ప్రకటనల రచయిత ఉండేవాడు. ఒక బీరు కంపెనీకి రాయబోయే ముందు ఫ్యాక్టరీ అంతా తిరిగి చూశాడు. నీళ్లు ఎంత లోతు బావుల్లోంచి తోడుతున్నారో, సీసాలు ఎన్నిసార్లు కడుగుతున్నారో చూసి, ఇవెందుకు చెప్పుకోరని అడిగితే ‘అందరూ ఇట్లాగే చేస్తారు కదా’ అన్నారట. అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు గనక తను చెప్పాడు. సరుకు బాగా కదిలింది. అదే పని నువ్వు గుత్తిలో చెయ్యొచ్చు.

నేనైతే ఇట్లా రాస్తాను:

‘లీటరు శెనక్కాయ నూనెకు రెండున్నర కిలోల పప్పు. మీ కళ్ల ముందే ఆడిస్తాం. పొద్దున 7 నుంచి 11 దాకా గానుగ తిరుగుతుంది, వచ్చి పక్కన నిలబడి చూడండి. సీసా అడుగున కొంచెం మడ్డి ఉంటుంది. మూడు రోజులు తేర్చిన నూనె ఇది, రిఫైన్ చెయ్యం. ముందు పావు లీటరు తీసుకుపోయి తాలింపు వేసి చూడండి.’

కింద ధర, దారి గుర్తు, ఫోన్ నంబరు వెయ్యి. ధర మాత్రం దాచొద్దు. ‘సంప్రదించండి’ అంటే ఏం చెయ్యాలో తెలియదు, ‘పావు లీటరు తీసుకుపోండి’ అంటే తెలుస్తుంది. వేరుశనగ అని రాయకుండా శెనక్కాయ అన్నది కూడా కావాలనే, మనవాళ్లు అంగట్లో అడిగేది ఆ మాటతోనే.

ఆన్‌లైన్ పాఠాల్లో ‘ఐడా’ సూత్రం చెప్తారు: చూపు ఆపాలి, ఆసక్తి పుట్టించాలి, కోరిక కలిగించాలి, పని చేయించాలి. మంచిదే. రాసింది సరిచూసుకునేటప్పుడు వాడు.

ఒక సంగతి నీకు చెప్పి తీరాలి. ఒక బట్టల అంగడికి నేను ‘మూడు రోజులే! తర్వాత ఈ ధర దొరకదు’ అని రాసిచ్చాను. మూడో రోజు తాడిపత్రి వైపు నుంచి ఒకామె వడ్డీకి డబ్బు తెచ్చుకుని, కూతురి పెళ్లికని చీరలు కొనుక్కుపోయింది. రెండు వారాల తర్వాత కూడా అదే ధర, అదే బోర్డు. కరపత్రం అడుగున మా ప్రెస్సు పేరు చూసి వెతుక్కుంటూ వచ్చింది. తిట్టలేదు. ‘పంట డబ్బు వచ్చేదాకా ఆగేదాన్ని కదన్నా’ అంది. ఆ వడ్డీ నా మాట వల్ల పడింది. అంగడాయన చెప్పమన్నాడని నేను తప్పించుకోలేను. తర్వాత ఎవరొచ్చి గడువు రాయమన్నా, ఆ తేదీకి నిజంగా ఆపుతావా అని అడిగే రాశాను. ఈ పని మనిషి జేబులో చెయ్యి పెట్టడం లాంటిది బుజ్జీ, ఎంత జాగ్రత్తగా ఉన్నా తక్కువే.

గానుగాయన ‘షుగర్ తగ్గుతుందని వెయ్యమ్మా’ అంటే ఒప్పుకోకు. జనం మందులు మానేసే ప్రమాదం ఉంది. పైగా ఆహార పదార్థాల మీద తప్పుదోవ పట్టించే ప్రకటన వేస్తే 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా ఉంది.

రాశాక ఏది పనిచేస్తుందో నువ్వూ నేనూ వాదించుకోనక్కర్లేదు. పసుపు కాగితం మీద ధర గురించిన శీర్షిక, గులాబీ కాగితం మీద ‘కళ్ల ముందే ఆడిస్తాం’ అన్న శీర్షిక వేయించు. కాగితం తెచ్చినవాళ్లకు ఐదు రూపాయలు తగ్గించమని గానుగాయనను ఒప్పించు. రెండు రంగులూ ఒకే బజారులో, ఒకే రోజు, సమానంగా పంచు. తెచ్చిన కాగితాలు ఒక డబ్బాలో వేయించి, వారం తర్వాత ఏ రంగువి ఎన్నో లెక్కపెట్టు. నేను గులాబీ గెలుస్తుందనుకుంటున్నాను, కానీ ఇలాంటి పందాలు చాలాసార్లు ఓడిపోయాను.

ఈ ఆదివారం పొద్దున్నే గానుగ దగ్గరికి వెళ్లు. నోటు పుస్తకంలో రాసుకున్న పేజీలు ఫోటో తీసి పంపు, చేతిరాత ఎట్లున్నా ఫర్వాలేదు. అవి చూశాకే నీ రెండో ప్రకటన చదువుతాను. వచ్చేటప్పుడు ఒక లీటరు నూనె పట్టుకురమ్మని మీ పెద్దమ్మ చెప్పమంది, మడ్డి ఉన్నా ఏమనుకోదట.

ఇట్లు
మీ పెద్దనాయన